మీదే వేరు

లాకప్పు చువ్వల వెనక గొంతుక్కూర్చున్న దేవదాసు నిన్నటి నుంచి ఒకే మాట చెబుతున్నాడు. ఆ మాటే అతన్ని ముంచుతోంది.

“వేరు లేదన్నా. గొట్టం తవ్వి తీసింది నేనే గదా. లోపల మట్టి ఉంది. వేరు మాత్రం లేదు.”

డిటెక్టివ్ అంతోని చువ్వ పట్టుకోబోయి, చురుక్కుమనేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోయిన శుక్రవారం ఇంటివాడి పెరట్లో గోడ పనికి గొడ్డలి పట్టాడు. ఆ బొబ్బలు ఇంకా మానలేదు. మద్రాసు సి.ఐ.డి.లో ఏళ్ళ తరబడి కలం తప్ప మరేదీ మొయ్యని చెయ్యి, ఒక్క పూట కాయకష్టానికే ఇలా అలిగి కూర్చుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఉద్యోగం వదిలి సొంత పల్నాటికొచ్చి ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని బోర్డు కట్టిన ఈ మనిషికి, ఇన్నాళ్ళూ వచ్చిన కేసులు తప్పిపోయిన గేదెలు, లేచిపోయిన జంటలు. గేదెలు దొరికేవి. జంటలు దొరికినా అంతోని చూడనట్టే వచ్చేసేవాడు. హత్య కేసు ఇదే మొదటిది.

చచ్చిపోయింది కృపామణి పంతులమ్మ. మిషన్ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరై ఒంటరిగా ఉంటున్న ముసలామె. నిన్న పొద్దున ఆమె ఇంటి పక్క సందులో తవ్విన గోతిలో శవమై కనిపించింది. తల వెనక దెబ్బ. గొయ్యి తవ్వింది దేవదాసు. గట్టు మీద నెత్తురంటి పడున్న గడ్డపార దేవదాసుది. పోలీసులకు అంతకన్నా ఏం కావాలి?

ఆ గొయ్యి వెనక ఒక కథ ఉంది. రోడ్డు పక్కన మునిసిపాలిటీ వేసిన చెట్ల వేళ్ళు ఇళ్ళ మురుగు గొట్టాల్లో దూరి పగలగొడుతున్నాయని జనం గోల పెడితే, అలాంటి ఇళ్ళవాళ్ళకు మరమ్మతు సాయం ఇస్తామని ఈ ఏడాది మునిసిపాలిటీ ప్రకటించింది. అర్జీదారుల్లో వేలిముద్ర వేసేవాళ్ళే ఎక్కువ గనక జనం దీనికి ‘వేళ్ళ గ్రాంటు’ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. సాయంతోపాటు సిమెంటు పర్మిట్టు కూడా ఇస్తారు. ఉన్న సిమెంటంతా సాగర్ డ్యాముకే పోతున్న రోజుల్లో పర్మిట్టంటే మాటలు కాదు. షరతు ఒక్కటే. గొట్టం తవ్వి తెరిచి, లోపలున్న వేరును ఓవర్సీరు కళ్ళకు చూపించాలి. గొట్టాలూ సిమెంటూ అమ్మే కొట్టు ఊళ్ళో ఒక్కటే, వెంకటకృష్ణయ్య శెట్టిగారిది. అర్జీ పెట్టడం దగ్గర్నుంచి గొట్టం వెయ్యడం దాకా అన్నీ ఆయనే చూసిపెట్టేవాడు.

పంతులమ్మ అర్జీ కూడా అలా వెళ్ళిందే. మొన్న దేవదాసు తవ్వాడు. నిన్న పొద్దున ఓవర్సీరు వచ్చాడు. గొట్టంలో ముంజేతి లావు వేరు ఉంది, గోతిలో పంతులమ్మ ఉంది. ఊరంతా చూసిన వేరును దేవదాసు ఒక్కడే లేదంటున్నాడు. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనేవాడు ఇంకెన్ని అబద్ధాలకైనా వెనకాడడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చెన్నకేశవులు తేల్చేశాడు.

“పని ముగించి ఎప్పుడు వెళ్ళావు?” అంతోని అడిగాడు.

వీధి కొళాయి ఇంకా వస్తుండగానే వెళ్ళానన్నాడు దేవదాసు. కొళాయి కిందే కాళ్ళు కడుక్కున్నాడు. తెల్లారితే మళ్ళీ పని ఉంది గదా అని గడ్డపార అక్కడే వదిలేశాడు. ఇంట్లో భార్య లేదు, చెల్లెలింటికి దుర్గి వెళ్ళింది. ఆ సాయంత్రం అతన్ని చూశామని చెప్పేవాళ్ళెవరూ లేరు.

బయట వరండాలో అతని భార్య హన్నమ్మ అన్నం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రేపు పొద్దున భర్తను గురజాల మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడినుంచి గుంటూరు జైలు. ఇక ఇంటికి రాడని ఆమెకు ఎవరో చెప్పేశారు. ఆమె ఏడవలేదు. అంతోని వైపు చూసి మెల్లగా అంది.

“ఆయనకు అబద్ధమాడటం రాదన్నా. వచ్చుంటే వేరు ఉందనే చెప్పి బయటపడేవోడు గదా.”

అంతోని అడుగు ఆగింది. సి.ఐ.డి. చదువు చదివినవాడికి తట్టవలసిన మాట అది. లేని వేరును ఉందంటే దేవదాసుకు పోయేదేమీ లేదు. లేదని పట్టుబట్టడం వల్లే ప్రాణం మీదికొస్తోంది. అయినా మాట మార్చడం లేదంటే, ఆ సాయంత్రం గొట్టంలో నిజంగానే వేరు లేదు.

*

పంతులమ్మ ఇంటి దగ్గర కాపలా కానిస్టేబులు తప్ప ఎవరూ లేరు. అంతోని ముందు ఇంట్లోకి వెళ్ళాడు. రెండు గదులు. బల్ల మీద బైబిలు, కళ్ళజోడు. వంటగదిలో ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించి ఉన్నాయి. ఎవరైనా వస్తారని ఉంచుకున్న రెండో కంచం ఇల్లంతా వెతికినా కనిపించలేదు. అంతోనికి తన గది గుర్తొచ్చింది. భార్య పోయాక ఆమె కంచాన్ని గుడ్డలో చుట్టి అటకెక్కించింది తనే. రాత్రి తలుపు తీసేటప్పుడు తాళం చప్పుడు తప్ప పలకరించేది ఉండదు. ఇంటివాడు వెంకటకృష్ణయ్య శెట్టి మాత్రం అరుగు మీద నుంచి “అంతోనీ, తిన్నావా?” అని అడుగుతాడు. ఆయనకూ భార్య లేదు. ఇద్దరూ పడుకునేదాకా అరుగు మీద సుద్దతో గీసుకుని పులిజూదం ఆడతారు. ఆ ఒక్క పలకరింపు కోసమే అంతోని కొన్ని రోజులు ఇంటికి వెళ్ళేవాడంటే అబద్ధం కాదు. పంతులమ్మకు ఆ పాటి పలకరింపు కూడా లేనట్టుంది.

సందులో గొయ్యి స్నానాలగది దగ్గర మొదలై వీధిలోని వేపచెట్టు దాకా సాగింది. కాలవ మీద కప్పిన దుర్గి రాతిపలకలు ఒక పక్కకు జరిపి ఉన్నాయి. అంతోని పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగాడు.

పగిలిన గొట్టంలో వేరు అలాగే ఉంది. దాన్ని ముట్టుకోకుండా ముందు మట్టిని చూశాడు. వేపచెట్టు వైపు గోతి గోడలో దారాల్లాంటి సన్న వేళ్ళు తప్ప లావుది ఒక్కటీ లేదు. ఇంత వేరు గొట్టంలోకి వచ్చిందంటే మిగతా సగం మట్టిలో ఉండాలి. లేదు. గొట్టంలో దూరే వేరు పగులులోంచి సన్నగా వచ్చి, లోపల నీటికి జడలా అల్లుకుంటుంది. ఈ వేరుకు జడ లేదు. రెండు కొసలూ గొడ్డలితో నరికినవి. చాకుతో బెరడు మీద గీశాడు. తెల్లటి పాలు ఊరాయి.

నరికిన కొస మీద పక్కపక్కన రెండు సన్న గీతలు ఎత్తుగా లేచి ఉన్నాయి. గొడ్డలి అంచు రెండుచోట్ల విరిగి ఉంటే, ప్రతి వేటుకూ చెక్క మీద అలాంటి గీతలే మిగులుతాయి. ఆ గీతల్ని ఎక్కడో చూసినట్టనిపించింది. గుర్తు తెచ్చుకునేలోపే గట్టు మీద బూట్లు ఆగాయి.

“ఏంది అంతోనిగారూ, మురుగు కాలవలు బాగుచేసే పనికి కుదిరారా?”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చెన్నకేశవులు చిన్నవాడు, చురుకైనవాడు. తెలివితక్కువ వాడైతే అంతోనికి ఇంత చిక్కుండేది కాదు. తన స్టేషను పరిధిలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు వేలాడటం అతనికి మొదటినుంచీ గిట్టదు. పోయిన ఏడాది తాను మూసేసిన దొంగతనం కేసులో అసలు దొంగను అంతోని పట్టిచ్చిన నాటినుంచి మరీ గిట్టదు.

“వేపచెట్టుకు పాలుంటాయాండీ ఇన్‌స్పెక్టరుగారూ?”

“చెట్టు ఏదైతే నాకేంది? చచ్చింది మనిషి.”

“ఇది వేపవేరు కాదు. రావో, మేడో, జువ్వో అయ్యుండాలి. ఈ వీధిలో ఆ చెట్టే లేదు. ఎవరో తెచ్చి ఇందులో దూర్చారు. దేవదాసు వెళ్ళాక దూర్చారు. అందుకే వాడు లేదంటున్నాడు.”

కానిస్టేబులు కూడా గోతిలోకి తొంగిచూశాడు. చెన్నకేశవులు కాసేపు ఆలోచించాడు. ఆలోచించి అన్న మాట అంతోనికి గట్టిగానే తగిలింది. సరే, తెచ్చి దూర్చిందే అనుకుందాం, గ్రాంటు కోసం పంతులమ్మే దేవదాసు చేత దూర్పించుకుని ఉండొచ్చు గదా, పని అయ్యాక మాటా మాటా పెరిగి కొట్టి ఉండొచ్చు గదా అన్నాడు. వేరు లేదని దేవదాసు మొత్తుకోవడం తన చేతిపని దాచుకోవడానికేనన్నాడు.

“దెబ్బ నాలుగు వేళ్ళ వెడల్పున చదునుగా ఉందని డాక్టరు చెప్పాడంట. గడ్డపారకు అంత చదును ఏ పక్క ఉంది?”

“దాని సంగతి నేను చూసుకుంటా. సాక్ష్యం సంగతి నువ్వు విను.” గారూ మీరూ ఎగిరిపోయాయి. “పక్కింటి హజ్రా బీ చెవులారా విన్నది. పంతులమ్మ ఎవరితోనో ‘మీదే వేరు, మాది కాదు’ అంటోంది. పంతులమ్మ బాప్టిస్టు. దేవదాసు ఆర్.సి.ఎం., అదే క్యాథలిక్కు. మీ మతమే వేరు, మాది కాదని ముసలామె దెప్పింది. వాడికి మండింది. నువ్వూ ఆర్.సి.ఎం.వే గదా, నీకు ఇదెందుకు కనపడుతుందిలే.”

అంతోనికి కోపం రాలేదు. ఆ మాట రెండుసార్లు మనసులో అనుకున్నాడు. మీదే వేరు, మాది కాదు. దేవదాసు ఆమె దగ్గరే అక్షరాలు దిద్దుకున్న పిల్లాడు. వాడికి ‘మీదే’ ఏమిటి? ఒక్కడితో మాట్లాడుతూ వాడి గుంపునంతా కలిపి ‘మీది’ అనడమూ ఉందనుకోండి. చెన్నకేశవులు పట్టుకున్నది ఆ కొసనే.

“ఈ పేడు ఒకటి తీసుకోవచ్చా?” వేరు కొసన చీలి వేలాడుతున్న చెక్కను చూపించాడు. దాని మీద రెండు గీతలూ స్పష్టంగా ఉన్నాయి.

“తీసుకుపో. పొయ్యిలోకి పనికొస్తది,” అన్నాడు చెన్నకేశవులు. కానిస్టేబులు నవ్వాడు. పాలు కారే వేరు సంగతి ఆ నవ్వుతోపాటు మధ్యాహ్నానికల్లా బజారంతా పాకింది.

*

హజ్రా బీ అరుగు మీద బొంత కుడుతోంది. డెబ్భై దాటినా చెవులు మాత్రం పిల్లి చెవులు. అంతోనికి పీట వేసి మంచినీళ్ళిచ్చింది. పంతులమ్మ పేరెత్తగానే కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళుగా గోడకు అటూ ఇటూ బతికామనీ, పండక్కి సేమ్యా పంపితే గిన్నె ఖాళీగా తిప్పి పంపేది కాదనీ, మొన్న గోడ అవతలికి ఒక్కసారి తొంగిచూసుంటే మనిషి దక్కేదేమోననీ అంది. ఇప్పుడు గోడ అవతల చప్పుడే లేదని రెండుసార్లు అంది.

ఆ మాటలు విన్నది ఎప్పుడని అంతోని అడిగాడు. కొళాయి కట్టేశాకే అంది. కొళాయి వస్తున్నంతసేపూ బిందెల గోలలో ఏమీ వినపడదు. అది ఆగి వీధి సద్దుమణిగాక వినపడింది. ఇంతలో పొద్దు గూకి మసీదులో మగ్రిబ్ అజా ఇచ్చారు. నమాజుకు లోపలికి వెళ్ళిపోయింది. నమాజు అయ్యాక గోడ అవతల అంతా నిశ్శబ్దం. దేవదాసు కాళ్ళు కడుక్కుని వెళ్ళింది కొళాయి ఉండగానే. అది ఆమె కళ్ళారా చూసింది.

“పంతులమ్మ గొంతు కోపంగా ఉందా?”

“కోపం కాదు బాబూ. బళ్ళో పిల్లకాయ తప్పు లెక్క చేసుకొస్తే పలక తిప్పి ఇస్తారే, అట్టా ఉంది.”

“అవతలి మనిషి?”

“మగ గొంతే. గుసగుసగా మాట్టాడాడు. పర్మిట్టు అన్న ముక్క ఒక్కటే నాకు దొరికింది.”

అంతోని పీట దగ్గరికి జరుపుకున్నాడు. దేవదాసును పంతులమ్మ ఏమని పిలిచేదని అడిగాడు. ఒరేయ్ అనే పిలిచేదంది హజ్రా బీ. పెళ్ళాం ఉన్న మనిషిని ఒరేయ్ ఏందమ్మా అని తానే ఒకసారి అడిగితే, నా దగ్గర దెబ్బలు తిన్న పిల్లాడు ఎప్పటికీ పిల్లాడేనని పంతులమ్మ నవ్విందట.

“ఆ సాయంత్రం ఆమె ఏమన్నదో, అట్టాగే అను బీబీ. ఒక్క ముక్క కూడా వదలకుండా.”

ఆమె సూది ఆపింది. కళ్ళు మూసుకుంది. పంతులమ్మ గొంతు ఎక్కడినుంచో తెచ్చుకున్నట్టు నిదానంగా అంది.

“‘మీదేనండీ వేరు. మాది కాదు.’ అట్టా అంది. రాసుకునే పోలీసాయన ‘అండీ’ వదిలేశాడు. నేను చెప్పా. అండీ ఉంటే ఏంది, లేకపోతే ఏందన్నాడు.”

ఒరేయ్ అని పిలిచే మనిషిని ఎవరూ అండీ అనరు. ఆ అండీ తగిలించగానే వేరు మతం కాకుండా పోయింది. చెట్టు వేరే అయింది. ఈ వేరు మీదేనండీ, మా వీధిలో చెట్టుది కాదు, తీసుకుపొండి అంటోంది ఆమె. వేరు చేతపట్టుకుని వచ్చిన మనిషితో, ఆమె మర్యాద ఇచ్చే మనిషితో, పర్మిట్టు అవసరమున్న మనిషితో.

దణ్ణం పెట్టి వీధిలోకి వచ్చాడు. నాలుగడుగులు వేశాక అరచేతి బొబ్బ మళ్ళీ చురుక్కుమంది. అక్కడే నిలబడిపోయాడు. జేబులోంచి పేడు తీసి, ఎండలో పెట్టి ఆ రెండు గీతలూ చూశాడు. ఇప్పుడు గుర్తొచ్చాయి. గుర్తు రాకపోయినా బాగుండేదనిపించింది.

*

పోయిన శుక్రవారం శెట్టిగారు మొహమాటపడుతూనే అడిగాడు. పెరటి గోడలో రావి మొలిచింది, వేరు పునాదిలోకి దిగి గోడను పగలదీస్తోంది. రావి మీద తాను గొడ్డలి వెయ్యకూడదు, వేసినవాడికి వంశం నిలవదంటారు. “నీకైతే ఆ పట్టింపు లేదు గదా అంతోనీ” అన్నాడు. అంతోని తన సొంత గొడ్డలితోనే కొట్టాడు. నిజానికి సంతోషంగా కొట్టాడు. తన అవసరం ఒకరికి పడి ఎంత కాలమైందో. కొట్టిన వేరును ఏం చేశారని మర్నాడు అడిగితే, పారేస్తే పాపమని కాలవలో కలిపించానన్నాడు శెట్టిగారు.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. అంతోని అరుగు వైపు చూడకుండా నేరుగా పెరట్లోకి వెళ్ళి, గోడ మొదట్లో మట్టి తీశాడు. తెగిన రావి మొదలు మీద రెండు గీతలు. పేడును పక్కన పెట్టాడు. గీతకు గీత కలిసింది. పంతులమ్మ గొట్టంలో ఉన్నది తాను కొట్టిన వేరే.

పెరటి వైపు వంటగది గోడకు అంతోని తన గొడ్డలి తగిలించే మేకు ఉంది. గొడ్డలి లేదు.

“గొడ్డలి కోసమా అంతోనీ? మధ్యాహ్నమే స్టేషనుకు పంపించా.”

వెంకటకృష్ణయ్య మజ్జిగ చెంబుతో వెనక నిలబడి ఉన్నాడు. రోజూ ఇచ్చే చెంబే. అంతోని లేచి నిలబడ్డాడు. కొంచెంసేపు ఇద్దరూ పులిజూదంలో ఎత్తు కోసం ఆగినట్టే ఆగారు.

“ఎందుకు పంపారు శెట్టిగారూ?”

“వేరు రావిదని నువ్వే చెప్పావంట గదా. కొట్టుకొచ్చినోళ్ళంతా అదే అంటున్నారు. రావి అన్నాక మన పెరడు ఎప్పటికైనా చూస్తారు. అందుకని ముందే చెప్పా. మా పెరట్లో రావి వేరు కొట్టింది అంతోని, ముక్క పట్టుకుపోయింది అంతోని, గొడ్డలి కూడా ఇదిగో అని.”

“కొట్టమన్నది మీరు.”

“రోజూ రావిచెట్టుకు మొక్కి నీళ్ళు పోసే మనిషిని నేను. నేను రావి వేరు కొట్టించానంటే ఊళ్ళో ఎవరు నమ్ముతారు?”

నమ్మరు. అంతోనికి అది తెలుసు. ఆయన భక్తి అబద్ధం కాకపోవడమే ఇందులో పెద్ద చిక్కు. చెట్టు మీద చెయ్యి వెయ్యడానికి వణికిన మనిషి, మనిషి మీద ఎలా వేశాడో ఆ క్షణంలో అంతోనికి అంతుపట్టలేదు. అదే అడిగాడు.

వెంకటకృష్ణయ్య చెంబు కింద పెట్టి, తానూ మెట్టు మీద కూర్చున్నాడు. దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. పంతులమ్మ గొట్టం నిజంగానే పాతబడి పగిలిందనీ, వేరు లేకపోతే ఓవర్సీరు పర్మిట్టు ఇవ్వడనీ, ఇంతకుముందు రెండు మూడిళ్ళలో ఇలాగే వేరు పెట్టాననీ చెప్పాడు. మిగిలిన సిమెంటు బ్లాకులో అమ్ముకునేవాడు. ఎవరికీ నష్టం లేదనుకున్నాడు. గొట్టంలో పట్టకపోతే చెక్కడానికని గొడ్డలి కూడా పట్టుకెళ్ళాడు. ఆమె చప్పుడు విని బయటికొచ్చి, పాలు కారుతున్న వేరును ఒక్క చూపులో పోల్చింది. పిల్లలకు చెట్ల పాఠాలు చెప్పిన మనిషి.

“తెల్లారి ఓవర్సీరుకు చెబుతానంది. తిట్టలేదు. అండీ అంటూనే చెప్పింది. లోపలికి తిరిగింది. గొడ్డలి చేతిలో ఉంది అంతోనీ. నాకు తెలిసింది అంతే.”

దేవదాసు గడ్డపారకు నెత్తురు ఎలా అంటిందో అంతోని అడగలేదు. ఆయనా చెప్పలేదు. పెరట్లో చీకటి పడుతోంది.

“ఇప్పుడు కూడా ఏం మించిపోలేదు,” అన్నాడు శెట్టిగారు. “పొరబడ్డా, అది వేపవేరేనని నువ్వు అను. నేనూ పొరబడ్డానని గొడ్డలి వెనక్కి అడుగుతా. వేరు రావిదని నువ్వు సాధించావా, దేవదాసు బయటికొస్తాడు, నువ్వు లోపలికి పోతావు. ఎందుకిదంతా? నాకు నువ్వు, నీకు నేను. మనకింకెవరున్నారు?”

ఆ ఆఖరి మాట నిజం. అందుకే అది అన్నిటికన్నా ఎక్కువ నొప్పెట్టింది. రేపటినుంచి ఈ ఇంటి తలుపు తీస్తే తిన్నావా అని అడిగేవాళ్ళుండరు. అసలు రేపటినుంచి ఈ తలుపు తీసే పనే ఉంటుందో లేదో. ఒంటరితనానికి భయపడే మనిషి ఎంత దూరం పోగలడో అంతోనికి ఆ ఒక్క నిమిషంలో తెలిసింది. దేవదాసు అబద్ధమాడుతున్నాడని తనకు తాను చెప్పుకోవడానికి కూడా అతని మనసు ఒకసారి తయారైంది. హన్నమ్మ వరండాలో కూర్చుని ఉండకపోతే ఏమయ్యేదో.

పేడు జేబులో పెట్టుకున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

“మజ్జిగన్నా తాగి పో,” అన్నాడు వెంకటకృష్ణయ్య. చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“వద్దండీ.”

“స్టేషన్లో ఏమని చెబుతావు?”

“వేరు కొట్టింది నేనేనని చెబుతా. ఎవరు కొట్టమన్నారో కూడా చెబుతా. వాళ్ళు ఏది నమ్మితే అది.”

వీధి దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. స్టేషను కిటికీలోంచి లోపలి బల్ల కనిపించింది. దాని మీద కాగితం పరిచి గొడ్డలి పెట్టారు. చెన్నకేశవులు వంగి, అంచులో విరిగిన రెండు చోట్లనూ వేలితో తడుముతున్నాడు. అతను తెలివితక్కువ వాడు కాదని అంతోని పొద్దున అనుకున్నది నిజమే. పక్కనున్న కానిస్టేబులు టోపీ పెట్టుకుంటున్నాడు. అంతోనిని పట్టుకురావడానికే కాబోలు.

వరండాలో హన్నమ్మ పొద్దున కూర్చున్నచోటే ఉంది. అంతోనిని చూసి లేచింది.

“తెలిసిందా అన్నా?”

“తెలిసిందమ్మా. వేరు లేదని నీ మొగుడు చెప్పింది నిజమే. రేపు ఇంటికొస్తాడు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దుటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మీరేమన్నా తిన్నారా అన్నా, క్యారియరులో అన్నం ఉంది అంది.

తిన్నానని అబద్ధం చెప్పి, అంతోని స్టేషను మెట్లెక్కాడు.